ముప్ఫై అడుగుల ఖాళీ

నిప్పుకీ మనిషికీ మధ్య జరిగిన ఒక మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. కొండ మీంచి మంటలు ఏనుగుల మందలా దిగొస్తాయి. ఆకాశం ఎర్రబడుతుంది. ఊరు ఊరంతా ఒక్క మనిషై నిలబడుతుంది. చివరికి ఒక పూరింటి ముందు, తెల్లటి ముగ్గు గీత దగ్గర, అగ్నిదేవుడంతటివాడు తల వంచుకుని వెనక్కి తిరుగుతాడు.

అంత లేదు లెండి. మంట మోకాలెత్తున వచ్చింది, కొన్నిచోట్ల నడుమెత్తు. పట్టపగలు కాబట్టి ఆకాశం ఎర్రబడలేదు, బూడిదరంగులో ఊరుకుంది. ఊళ్లో సగంమంది ఫోన్లలో వీడియో తీసుకున్నారు. వీరుల్లో ఒకడికి మధ్యలో చెప్పు తెగిపోయింది. ఆ వీరుణ్ణి నేనే. తీరా చూస్తే ఇది మంట గురించి కూడా కాదు, ఒక కొబ్బరి తాడు గురించి. పుస్తకం మూసేద్దామనుకునేవాళ్లు ఇక్కడే మూసేయొచ్చు, నేనేమీ అనుకోను.

నేను రిటైరైన ఉద్యోగిని. ముప్ఫై మూడేళ్లవాడు రిటైరేమిటని అడక్కండి. వయసు మళ్లింది నాకు కాదు, నా పోస్టుకి. ఎండాకాలం వచ్చిందంటే శృంగవరపుకోట దాటాక కొండల కింద ఉండే ఊళ్లలో తిరిగి, ఇళ్ల చుట్టూ అంటుకునే సామాను లేకుండా చూసే కాంట్రాక్టు పని మాది. కొన్ని వేసవులు చేశాక ఆ పనిని ఇంకో శాఖలో కలిపేశారు. కలిపేటప్పుడు నన్ను కలపడం మరిచిపోయారు. ఇప్పుడు విజయనగరంలో నీళ్ల మోటార్లు అమ్మే కొట్లో కూర్చుంటున్నాను. మొన్న ఒకమ్మాయి కొట్టుకొచ్చి, ఆ పని మళ్లీ మొదలుపెట్టారనీ, తను అందులో కొత్తగా చేరిందనీ చెప్పి, "అన్నా, ఫలానా ఊళ్లో పెద్ద మంటనాపినారంట గదా, ఎలగాపినారో మాకూ సెప్పండి" అంది. ఆ అమ్మాయికి మోటారు అమ్మలేకపోయాను గానీ, ఇది రాస్తానని మాటిచ్చాను. కాబట్టి, చెల్లీ, నీకూ నీతో చేరినవాళ్లకీ.

మా పనికి మొదట పెట్టిన పేరు "వేసవి మంటల నివారణ దళం". దళం అన్నమాట వింటే మా కొండల్లో జనానికి వేరేవాళ్లు గుర్తొస్తారని ఎవరో చెప్పాక, బోర్డు మీద సున్నం కొట్టి "బృందం" అని రాశారు. బృందమంటే ముగ్గురం. నేనూ, నీళ్ల ట్యాంకరు డ్రైవరూ, మా ఇద్దరికీ పెద్దగా ఒకాయన. ఆయన ఫైర్ స్టేషన్లో ఉద్యోగం చేసి దిగిపోయాక ఊరికే ఇంట్లో కూర్చోలేక మళ్లీ వచ్చినవాడు. నౌపడ ఉప్పుమడుల పక్కన పుట్టి పెరిగాడు. మేం మావ అనేవాళ్లం.

"ఉప్పుమడిలో పుట్టినోణ్ణిరా అల్లుడా," అనేవాడు. "నిప్పులో ఉప్పేస్తే ఏటవుతాది? సిటపటమంటాది. అదే నా సర్వీసంతా."

రూలు చిన్నది. కొండని ఆనుకున్న ఊళ్లలో ఇంటి గోడ నుంచి ముప్ఫై అడుగుల దాకా గడ్డివాము, కట్టెల మోపు, ఎండు కంప, పిడకల గూడు, ఏదీ ఉండకూడదు. మంట ఇంటిదాకా రావాలంటే దారిలో దానికి తిండి దొరకాలి. తిండి పెట్టకపోతే రాదు. చుట్టాల విషయంలోనూ ఇదే రూలని మావ అనేవాడు. ఆ మాటకి అప్పట్లో నేను బాగా నవ్వాను.

కొలవడానికి టేపు ఇచ్చారు గానీ అది మొదటి వేసవిలోనే తుప్పుపట్టి సగంలో ఆగిపోయింది. మావ ముప్ఫై అడుగుల కొబ్బరి తాడొకటి తయారు చేశాడు. ఒక కొస ఇంటివాళ్లు గోడకి ఆనించి పట్టుకుంటారు. రెండో కొస బిగలాగి పట్టుకుని నేను ఇంటి చుట్టూ తిరుగుతాను. మావ నా వెనకాలే ముగ్గు పోసుకుంటూ వస్తాడు. గీత లోపలున్నవి బయటికి పోవాలి. ఇంటివాళ్లే తాడు ఎందుకు పట్టుకోవాలంటే, తర్వాత "నువ్వే తప్పు కొలిచావు" అనకుండా ఉండటానికి. అయినా అనేవాళ్లు.

నువ్వడిగిన ఆ ఊళ్లో మొదటి రోజు ఒకావిడ నడుం మీద చెయ్యేసుకుని మా పని అంతా చూసి, "ముగ్గులేసినందుకు గవర్నమెంటు జీతమిస్తాదేటి బావూ? మేం పుట్టి బుద్దెరిగిన కాణ్ణుంచీ ఏస్తన్నాం, మాకెవులూ పైసా ఇవ్వనేదు" అంది. నేను తాడు చుట్టుకున్నాను. "అదీ వంకరగా" అని కూడా అంది. మావ వెనక్కెళ్లి ఆ వంపు సరిచేశాడు.

మనవాళ్లు రూలుని ఎలా పాటిస్తారో అప్పుడే తెలుసుకున్నాను. వారం తిరిగి వెళ్లి చూస్తే వీధివీధంతా వాములు కదిలాయి. ప్రతివాడూ తన వాముని తన గోడ నుంచి సరిగ్గా ముప్ఫై అడుగుల అవతల పెట్టాడు. ముప్ఫై అడుగుల అవతల పక్కింటివాడి గోడ ఉంది. పక్కింటివాడు తన వాముని ఆ పక్కవాడి గోడకి పెట్టాడు. మావ వీధి మధ్యలో నిలబడి ఒక్కో వామునీ వేలితో లెక్కపెట్టాడు. తర్వాత, "అల్లుడా, ఇంత సక్కగా రూలు పాటించిన ఊరు నా సర్వీసులో సూళ్లేదు" అన్నాడు.

ఆ వీధి చివర, కొండకి మరీ దగ్గరగా, ఒక తాటాకుల ఇల్లు ఉంది. మట్టిగోడలు. ఇంటి వెనక కాస్త బీడు, ఆ తర్వాత కొండ. ఇంట్లో ఉండేది ఒక్క ముసలావిడ. ఊరందరికీ మామ్మ. భూమి లేదు, ఆవు లేదు, కోడి కూడా లేదు. ఆవిడ ఇంటి చుట్టూ మాత్రం ఐదు పెద్ద పెద్ద గడ్డివాములు, తిండి వడ్డిస్తారని కూర్చున్న లావుపాటి చుట్టాల్లాగా. ఐదూ ఐదు కుటుంబాలవి. ఆవిడ మొగుడు బతికుండగా వాము వేయడంలో మంచి పనివాడట. అందుకని అందరూ ఆయన పెరట్లోనే వేయించుకునేవారు. ఆయన పోయాక కూడా వాములు అక్కడే ఉండిపోయాయి.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఒకరి పెరట్లో ఇంకొకరు వాము వేసుకుంటే చోటుకి బాడుగ తీసుకోరు. అడిగినవాడు పలచనైపోతాడు. దానికి బదులు, గడ్డి లాక్కెళ్లడానికి వచ్చినవాళ్లు ముందు గుమ్మం దగ్గర ఆగి, ఇంట్లోవాళ్లని పిలిచి, "గడ్డి తీసుకెల్తన్నాను" అని చెప్పాలి. లోపల్నుంచి "తీసుకెల్లు" అని వినపడేదాకా వాము మీద చెయ్యి వేయకూడదు. ఉత్త చేతుల్తో రాకూడదు. బిందెడు నీళ్లో, రెండు వంకాయలో, గిన్నెడు రాగి అంబలో, నాలుగు ఎండుచేపలో గుమ్మంలో పెట్టాలి. ఐదు కుటుంబాలు, పొద్దునా సాయంత్రమూ పశువులకి మేత. లెక్క మీరే వేసుకోండి. ఆవిడ పొయ్యి వెలిగేది ఆ గుమ్మం మీదే. అంతకంటే ముఖ్యం, రోజంతా ఎవరో ఒకరు ఆ గుమ్మంలో నిలబడి, ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో చెప్పకుండా కదిలేవారు కాదు. ఊళ్లో వార్తలన్నీ ముందు ఆవిడకి తెలిసేవి. సచివాలయానికి తర్వాత.

ఇవన్నీ మాకు మొదటిరోజు తెలియవు. మాకు కనిపించింది తాటాకుల ఇల్లు, ఐదు వాములు, వెనక కొండ.

"మామ్మా," అన్నాడు మావ, "ఈ ఐదు కుప్పలూ తీసీయాల."

"ఎందుకు బాబూ? అవి నిన్నేటన్నాయి?"

"నన్నేటీ అన్నేదు. రేపు కొండ మీంచి అగ్గొస్తే నిన్నంతాయి."

"అగ్గొస్తే ఒక్కపాలే వస్తాది బాబూ. మడుసులు రోజూ వస్తన్నారు."

ఆవిడ నావైపు తిరిగింది. "ఆ గుంటడి సేతిలో తాడేటి? నాకు ఉరెయ్యడానికొచ్చినారేటి?"

"కొలవడానికి మామ్మా," అన్నాను.

"కొలిసీదేటున్నాది? నానెంతున్నానో అగుపిస్తన్నాది గదా." నిజంగానే చెయ్యెత్తితే గానీ ఆ కిందికి దిగిన చూరు అందనంత మనిషి. అయినా తాడు కొస ఇమ్మని తీసుకుని, గోడకి ఆనించి రెండు చేతులతో పట్టుకుంది. చెప్తున్నాను కదా, ఆ మండలం మొత్తంలో మా తాడుని అంత బాగా పట్టుకున్నవాళ్లు లేరు. మిగతావాళ్లు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోన్ చూసుకునేవారు, లేదా పాలు పొంగాయని వదిలేసి పోయేవారు. ఆవిడ మాత్రం నేను తిరిగినవైపల్లా తనూ గోడ వెంట జరుగుతూ, "బిగలాగు, బిగలాగు, తిండి తిన్నేదేటి" అని నన్ను తిడుతూ చివరిదాకా పట్టుకుంది. ఐదు వాములూ గీత లోపలే పడ్డాయి. "ఇప్పుడు సూసినావు గదా? ఇంక ఎల్లండి" అంది, కొలిచేస్తే మా పని అయిపోయినట్టు.

అప్పుడే ఎదురింటి రైతు వచ్చాడు. ఊళ్లో చిన్నాపెద్దా మగవాళ్లందరినీ బావా అని పిలుస్తాడు కాబట్టి అందరికీ ఆయనే బావ. ఐదింటిలో పెద్ద వాము ఆయనది. గుమ్మంలో అంబలి గిన్నె పెట్టి, "మామ్మా, గడ్డి తీసుకెల్తన్నాను" అన్నాడు. ఆవిడ మా పక్కనే, రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. అయినా గుమ్మంలోకి వెళ్లి, లోపలికి ఒక అడుగు వేసి, అక్కణ్ణుంచి "తీసుకెల్లు" అంది. పద్ధతి పద్ధతే.

ఆ తర్వాత మాకు అన్నీ చెప్పింది బావే. విన్నాక మావ దారి పొడుగునా ట్యాంకర్లో తాడు కొస ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఒక ఉపాయం తట్టింది. ఊరి మొదట్లో, తారు రోడ్డు పక్కన, పంచాయతీ స్థలం ఖాళీగా ఉంది. ఇళ్లకి దూరం. ట్రాక్టరు నేరుగా వెళ్తుంది. ఊరి వాములన్నీ అక్కడ వేస్తే సరి. ఇప్పుడు ఆలోచించినా మంచి ఉపాయమే. రేపు మళ్లీ అడిగినా అదే చెప్తాను. అందుకే ఈ విషయం తలుచుకున్నప్పుడు ఎవర్ని తిట్టాలో నాకు తెలియదు.

సచివాలయం వరండాలో ఊరివాళ్లని కూర్చోబెట్టాం. పంచాయతీ స్థలమనగానే అందరూ ఒప్పుకున్నారు. పక్కింటి గోడతో గొడవ తప్పుతుంది, ట్రాక్టరు ఇంటి సందులోకి దూరక్కర్లేదు. మావ ఒక్కటే అడిగాడు. "మరి మామ్మ సంగతేటి?"

బావకి కోపం వచ్చింది. "ఏటి మావా అలగంతావు? గడ్డి ఎల్లిపోతే మేం ఎల్లిపోతామేటి? మడుసులం కాదేటి? గడ్డి కోసరమే పలకరిస్తన్నామనుకున్నావా?"

మిగతా నలుగురూ తలూపారు. మామ్మ వరండా చివర మెట్టు మీద కూర్చుంది. "సర్లే, అంతమందీ సెప్తన్నారు గదా," అంది. చెల్లీ, ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదని గుర్తుపెట్టుకో. నేను ఆ మొహాలు చూశాను. బావ కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. ఆయనకి వరండా మీద అందరి ముందు మాట్లాడితే ఎప్పుడూ వస్తాయట, అది తర్వాత తెలిసింది.

వాములు తీసిన రోజు పండగలాగే గడిచింది. ట్రాక్టరు వచ్చింది, పడుచువాళ్లు కండువాలు మూతులకి చుట్టుకున్నారు, గడ్డి దుమ్ముకి అందరూ తుమ్మారు. వాముల కింద తేళ్లు, ఎలకలు, పందికొక్కు కన్నాలు బయటపడ్డాయి. ఒక వాము అడుగున నల్లబడిపోయిన ఇత్తడి చెంబు దొరికింది. మామ్మ దాన్ని లాక్కుని కొంగుతో తుడిచింది.

"ఓలమ్మో, నా సెంబు! ఇన్నేళ్లూ నీయమ్మే పట్టుకుపోనాదనుకున్నాన్రా," అంది బావతో. "సచ్చిపోనాది పాపం. బతికున్నన్నాళ్లూ దానితో సరిగ్గా మాటాడనేదు."

"మాయమ్మ కూడా అదే అనీది, మామ్మెందుకు మూతి ముడుసుకుంతాదో అని."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రానికి పెరడు ఖాళీ అయింది. వాములున్నచోట నేల పాలిపోయి, చాలాకాలం కట్టు కట్టి విప్పిన చర్మంలా ఉంది. మావ కొత్తగా ముగ్గు పోశాడు. తెల్లటి గీత, మధ్యలో చిన్న ఇల్లు, గుమ్మంలో ఆవిడ, చేతిలో చెంబు.

"ఇప్పుడు బాగున్నాది మామ్మా," అన్నాను. "నాలుగేపులా అగుపిస్తంది."

"నాకూ అలగే ఉన్నాది," అంది. "నాలుగేపులా అగుపిస్తన్నాది. సూడ్డానికే ఏటీ నేదు."

మంట ఆ చైత్రంలోనే వచ్చింది. ఏటా ఎవరో ఒకరు కొండ మీద ఎండుగడ్డి తగలబెడతారు, వానలు పడ్డాక మేకలకి లేతగడ్డి వస్తుందని. ఏటా అది కాస్త కాలి ఆరిపోతుంది. ఆరోజు పడమటి గాలి పట్టుకుంది. కొండకి అవతల పెట్టిన నిప్పు శిఖరం దాటి ఇవతలికి దిగింది. బావ ఫోన్ చేశాడు. మేం పక్క ఊళ్లోనే ఉన్నాం.

అంతకుముందు ఆ వీధి చివరికి ట్యాంకరు వెళ్లేది కాదు. వాముల మధ్య దూరడానికి చోటు ఉండేది కాదు, దూరినా తిరగడానికి ఉండేది కాదు. ఆరోజు డ్రైవరు నేరుగా మామ్మ పెరట్లోకి తెచ్చి, ఒక్క చుట్టు తిప్పి, ట్యాంకు కొండవైపు పెట్టి ఆపాడు. దిగి, తన పనికి తనే మురిసిపోయి అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడలేదు.

నీళ్ల పైపుకి చివర పెట్టాల్సిన ముక్క ఎక్కడో పడిపోయింది. నేను బొటనవేలు అడ్డం పెట్టి నీళ్లు చిమ్మాను. ముందు తాటాకుల కప్పు తడిపాం. బావ నిచ్చెనేసుకుని కప్పు మీదికెక్కాడు, తడి గోనెసంచులు భుజానేసుకుని. పడుచువాళ్లు పచ్చి కొమ్మలు విరిచి బీడులో గడ్డిని కొడుతూ నిలబడ్డారు. మావ మధ్యలో నిలబడి, "బేగి రండి, ఎనక్కి రండి, గీతలోకి రండి" అని అరుస్తున్నాడు. ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయి, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడే నా చెప్పు తెగింది. కాలుతున్న బీడు పక్కన ఒంటికాలి మీద గెంతుతూ బొటనవేలితో నీళ్లు చిమ్ముతున్న మనిషిని ఊరంతా ఫోన్లలో ఎక్కించింది. అది ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూ ఉంటుంది.

మామ్మని బావ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. తీసుకెళ్లేటప్పుడు, చెంబూ అంబలి కుండా తెస్తే గానీ కదలనంది. రెండూ తెచ్చారు.

మంట బీడు మీదుగా చిటపటలాడుతూ వచ్చింది. పొగ మొహం మీద కొడితే కళ్లు తెరవలేకపోయాం. గీత దాకా వచ్చింది. అవతల గడ్డి ఉంది, ఇవతల ఊడ్చిన మట్టి. ముగ్గు అంచున కాసేపు అటూ ఇటూ పాకింది, ఎవరింటికెళ్లాలో మరిచిపోయినవాడిలాగ. తినడానికేమీ దొరక్క కూర్చుండిపోయింది. నిప్పురవ్వలు ఎగిరి కప్పు మీద ఒకచోట అంటుకున్నాయి. బావ గోనెసంచితో అణిచేశాడు. అంతే. మహాసంగ్రామం అయిపోయింది. ఐదు వాములు అక్కడే ఉండుంటే ఆ ఇల్లూ, బావ ఇల్లూ, ఆ వరసంతా పోయేవి. అందులో అనుమానం లేదు. దాన్ని ఎవరూ నా దగ్గర్నుంచి తీసుకోలేరు, నేనే ఇవ్వాలని చూసినా.

తర్వాత జీపులో అధికారులొచ్చారు. గీత పక్కన నిలబడి ఫోటో తీసుకున్నారు. అందులో నా మోచెయ్యి పడింది.

ఆరోజు మామ్మ పెరట్లో ఊరంతా ఉంది. మసి మొహాలతో, తడిసిన బట్టలతో, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, నవ్వుకుంటూ. ఆవిడ అరుగు దిగి వచ్చి తన గుమ్మంలో నిలబడింది. కుండలో అంబలి చెంబుతో ముంచి అందరికీ ఇచ్చింది. "కూకోండి, కూకోండి, అలగ నిలబడిపోనారేటి? ఇంతమందిని ఈ వాకిట్లో సూసి శానాళ్లయినాది" అంది. మాకు పక్క ఊరు వెళ్లాల్సిన పని ఉంది. లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"బాబూ, మల్లెప్పుడొస్తాది?"

"ఏటి మామ్మా?"

"అగ్గి."

"రాదు మామ్మా. ఉన్నదంతా కాలిపోయింది గదా. ఈ ఏటికింక రాదు."

"రాదేటి," అంది. అలా అన్నప్పుడు ఆవిడ మొహం చూసి మావ పక్కకి తిరిగి ట్యాంకరు టైరుని తన్ని గాలి చూశాడు. గాలి బాగానే ఉంది.

తర్వాత మేం ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆగేవాళ్లం. మొదట్లో ఐదిళ్లవాళ్లూ వస్తున్నారనే చెప్పింది. బావ రోజూ వచ్చి అంబలి పెడుతున్నాడంది. తర్వాత బావ పంచాయతీ స్థలం నుంచి గడ్డి తెచ్చుకుని అటునుంచటే ఇంటికి పోతున్నాడు, ఈ గుమ్మందాకా రావడానికి వేరే పని ఉండాలి కదా అంది. ఆయన తరఫున ఆవిడే సర్దిచెప్పింది. "ఆడికి గేదెలు, పొలం, ఆ పెళ్లాంతో తగువులు. ఊరికే రావాలంటే మడిసికి సిగ్గేస్తాది బాబూ. గడ్డి కోసరం వొచ్చినోడు గడ్డి కోసరం వొచ్చినాడు. ఊరికే వొచ్చినోడు ఏటని సెప్పుకుంతాడు?"

అది విన్నాక మావ ట్యాంకర్లో ఎక్కి, "అల్లుడా, పలకరించడానికి కూడా మడిసికి ఒక మోపు గడ్డి కావాలిరా" అన్నాడు. నేను ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తులేదు. ఆయన నవ్వలేదని గుర్తు.

ఓసారి వెళ్లేసరికి వాకిట్లో నిలబడి, గీత వెంట మొలిచిన గడ్డిపోచలు ఏరిపారేస్తోంది. "మీరు మల్లీ కొలవడానికొస్తారు గదా, అప్పటికి సుబ్బరంగా ఉండాల" అంది. కొలవడానికి ఇంకా టైముందని చెప్పాను. "ఉంటే ఉండనీ. తాడు నానే అట్టుకుంతాను. ఇంకొకలికి ఇవ్వకు" అంది.

వానలకి ముందు ఆఖరిసారి కొలత. ఎండ మండిపోతోంది. పొద్దున్నే వెళ్లాం. వీధిలో మొదటి ఇంటి నుంచి వరసగా చూసుకుంటూ చివరికి వచ్చాం. గీత మాసిపోయింది గానీ లోపల ఒక్క పుల్ల లేదు. ఊడ్చిన గుర్తులు కూడా ఉన్నాయి. మండలంలో మొత్తం మీద రూలు ప్రకారం ఉన్న ఇల్లు అదొక్కటే అని మావ అన్నాడు. నేను తాడు విప్పి, ఒక కొస చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరికెళ్లాను.

"మామ్మా, తాడట్టుకో."

పలకలేదు.

"మామ్మా, మేమే. ముగ్గులోళ్లం."

తలుపు దగ్గరికేసి ఉంది. పద్ధతి ప్రకారం లోపల్నుంచి మాట వినపడేదాకా నేను ఆగాను. నాకు ఆ పద్ధతితో ఏ సంబంధమూ లేదు. అయినా ఆగాను. తర్వాత మావ నా వెనకనుంచి వచ్చి తలుపు తోశాడు.

చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. చెంబు తలవైపు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. అప్పటికి ఒక రోజు దాటిందని తర్వాత వచ్చిన నర్సమ్మ చెప్పింది. ఎండ దెబ్బో, గుండో, వయసో. ఏదైనా కావచ్చు, బాధపడినట్టు లేదు అంది. ఆ మాట అందరికీ చెప్తారనుకుంటాను.

బావ పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయి స్తంభం పట్టుకున్నాడు.

"నిన్న పొద్దున్న మా ఇంటిది అన్నాది," అన్నాడు. "మామ్మ పొయ్యి పొగ అగుపించట్లేదు, ఒకపాలి ఎల్లి సూడరాదా అని. రేపు సూద్దారి లెమ్మన్నాను. రేపంటే, ఇయ్యేళే గదా. సూద్దారనే ఉన్నాను." మావ మొహంలోకి చూశాడు. "రోజూ గడ్డికొచ్చినోణ్ణి మావా."

మావ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఊళ్లూళ్లూ తిరిగి, మైకులో అరిచి, గోడల మీద నంబరు రాసి, పొగ కనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యమని అందరికీ చెప్పినవాళ్లం. పొగ కనిపించకపోతే చెయ్యమని ఎవరికీ చెప్పలేదు.

పాడె కట్టడానికి వెదుళ్లు దొరికాయి. మీద పరవడానికి గడ్డి కావాలన్నారు. ఆ పెరట్లో ఎక్కడా గడ్డిపోచ లేదు. ఐదిళ్లవాళ్లూ పంచాయతీ స్థలానికి వెళ్లారు. ఒకరికొకరు చెప్పుకోకుండానే తలో మోపూ తెచ్చారు. ఒక్క పాడెకి, అందులోనూ అంత చిన్న మనిషికి, ఒక మోపులో సగం చాలు.

అందరికంటే ముందు బావ వచ్చాడు, తలమీద మోపుతో. గుమ్మం ముందు ఆగాడు.

"మామ్మా, గడ్డి తెచ్చినాను," అన్నాడు.

అలవాటే, ఇంకేం లేదు. నోరు దానంతటది అనేసింది. అనేశాక ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. జవాబు వినపడేదాకా మోపు దించకూడదు. వెనక నలుగురూ మోపులతో ఆగిపోయారు. ఎండలో, ఆ ఖాళీ వాకిట్లో, ఐదుగురు మగవాళ్లు తలమీద గడ్డితో నిలబడి ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

లోపలున్న మావ గుమ్మంలోకి ఒక అడుగు వేశాడు.

"పెట్టు," అన్నాడు.

ఐదు మోపులూ గీత లోపలే దింపారు. మావ తన జీవితంలో మొదటిసారి గీత లోపల గడ్డి చూసి ఊరుకున్నాడు. కళ్లు తుడుచుకుని, గడ్డి దుమ్ము అన్నాడు. గడ్డిలో దుమ్ము ఉంటుంది, నిజమే.

ఆ ఇల్లు తర్వాత వానలకి కూలిపోయింది. కట్టించుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి మట్టి ఎత్తి చదును చేసేశారు. చెల్లీ, ఆ ఊరు మీకే పడిందని చెప్పావు కదా. వీధి సన్నంగా ఉందని భయపడక్కర్లేదు. ట్యాంకరుని చివరిదాకా పోనివ్వండి. అక్కడ రివర్సు అక్కర్లేకుండా ఒక్క చుట్టులో తిరిగిపోతుంది.